నలభై ఒకటి బై ఎ

తిరుపతి, బొరుగుల సందు,
12 మార్చి 1981.

అక్కా,

బావ దినాలైన మర్నాడు నువ్వూ బిడ్డ జ్ఞానమూ చిత్తూరు బస్సెక్కినారు. మేము ఆడికి పోతానే జాబు రాయరా అని చెప్పి పోయినావు. మూడు వారాలైంది. తిడతానే ఉంటావని తెలుసు. ఏడో క్లాసు ఎగ్గొట్టినోడికి కాయితం సూస్తేనే భయం. గోడ మీద ఐతే ఎంత అక్షరమైనా రాస్తా. ఇట్ల చిన్నగా, వరసగా రాయాలంటే చెయ్యి నా మాట వినదు.

సంగతి ఏమంటే, మన సందు మొత్తం పోతాదంట. యాత్రికుల బస్సులు తిరిగేదానికి స్టేషన్ కాడ్నించి పెద్ద రోడ్డు వేస్తారంట. బొరుగుల సందు, దాని ఎనకాల గుడిసెలు, అన్నీ కొట్టేస్తారు. భయపడొద్దు. సందులో వాళ్లందరికీ కరకంబాడి రోడ్డు పక్కన కొత్త కాలనీ కట్టి ఇండ్లు ఇస్తారు. సిమెంటు ఇండ్లు అక్కా. వానొస్తే కింద గిన్నెలు పెట్టే పని లేదు.

ఇండ్ల లెక్క రాసుకునే ఆఫీసోళ్ల జతలో తలుపుల మీద నంబర్లు రాసే పని నాకే దొరికింది. లాడ్జీ బోర్డులు రాసినోడు కదా అని పిలిచినారు. బావ పోయిన మూడో దినమే ఆ పని మొదలైంది. నువ్వు గోడకానుకోని కూర్చోని ఉన్నావు, నీకేం గుర్తుంటాది. సందుకి ఆ మొదలు నుంచి ఈ కొస దాకా అన్ని తలుపుల మీదా ఇప్పుడు నా చేతిరాతే.

మన తలుపు మీద కూడా రాసినా. నువ్వు బస్సెక్కిన మర్నాడే రాసినా. నలభై ఒకటి బై ఎ. పక్కింటి రుక్మిణమ్మత్తది నలభై ఒకటి. మనది ఆమె నంబరుకి తోక మాదిరి ఉండాదని ఆమెకి ఒకటే సంబరం. "సూసినావా దామూ, కొత్త కాలనీకి పోయినా మీరు నా ఎనకాలే" అంటాది.

ఇల్లు ఊడుస్తా ఉండా. బొరుగులు ఏయించే బట్టీ చల్లగా ఉండాది. బావ కూర్చునే గోనెపట్ట మడత కూడా విప్పలేదు. బొరుగుల కోసం మనుషులు వస్తానే ఉండారు. ఆయప్ప లేడు, ఇంక బొరుగులు లేవు అని చెప్పేదానికి నోరు రాదు. రేపు రండి అని చెప్పి పంపిస్తా ఉండా.

జ్ఞానానికి మామ అడిగినాడని చెప్పు.

నీ తమ్ముడు,
దామోదరం.

---

చిత్తూరు,
20 మార్చి 1981.

చిరంజీవి దామోదరానికి అక్క దీవెనలు.

కార్డు రాస్తా ఉండా. మేము బాగుండాం. మరిది సుబ్రమణ్యం బాగా సూసుకుంటా ఉండాడు. ఆయనకి బెల్లం మండీలో పని ఎక్కువ, అయినా మమ్మల్ని అడుగుతాడు. తోడికోడలు యశోదమ్మ మంచిది. పిల్లోళ్లు మంచోళ్లు. జ్ఞానం బాగుండాది.

నంబరు సంగతి సదివి సంతోషం. జ్ఞానం పలక మీద అదే రాస్తా ఉండాది. బై ఎ అంటే ఏమి మా అని అడుగుతాది, నాకు తెలీదు. కొత్తింట్లో బట్టీ పెట్టుకునేదానికి తావు ఉంటాదా? తలుపు యా పక్కకి వస్తాది? రాయి. కార్డులో తావు లేదు. వేళకి తిను.

మునిలక్ష్మి.

---

తిరుపతి,
18 మే 1981.

అక్కా,

నీ కార్డు సదివినా. ఒక్క కార్డులో ఇంతమందిని పొగిడినావంటే నమ్మబుద్ధి కాలేదు. నీకు నచ్చినోళ్లని కూడా నువ్వు తిట్టేదే కదా. ఆ కార్డు మరిదే తెచ్చి, మరిదే సదివి, మరిదే పోస్టులో ఏసినాడా? ఈ కవర్లో ఇన్‌ల్యాండు ఒకటి మడిచి పెట్టినా. అంటించి, నువ్వే పోయి డబ్బాలో ఎయ్యి. నిజం రాయి.

మొన్న సందులోళ్లంతా కొత్త కాలనీ సూసేదానికి పోయినాం. గుట్ట కింద ఎర్రమట్టి నేల. ఇండ్లు ఇంకా లేవు. సున్నంతో ఇంటికొక డబ్బా మాదిరి గీతలు గీసినారు, అంతే. రుక్మిణమ్మత్త పోయి ఒక డబ్బాలో నిలబడింది. నేను ఆ గీత దాటి పోతే కసురుకునింది. "రేయ్, అది నా వంటిల్లు. చెప్పులిడిసి రా." అందరూ ఒకటే నవ్వు. ఆమె మాత్రం నవ్వలేదు. నిజంగానే చెప్పులిప్పినా.

కక్కుసు కూడా ఇంట్లోనే కడతారంట. అది తెలిసి సందులో సగం మంది కోపగించుకున్నారు. "దేవుడి పటం ఒక గోడకి, అది ఇంకో గోడకా" అని పెద్దోళ్లు మేస్త్రీతో ఒక పూటంతా గొడవ పడినారు. ఆడ గాలి బాగా ఉండాది. కొండ కనిపిస్తాది.

బట్టీ సంగతి అడగాల. అడుగుతా.

బై ఎ అంటే జతలో ఉండేది అని జ్ఞానానికి చెప్పు. ఒక ఇంటి జతలో ఇంకో ఇల్లు.

దామోదరం.

---

చిత్తూరు,
2 జూన్ 1981.

దామూ,

నేనే నడిచిపోయి డబ్బాలో ఏస్తా ఉండా. ఇది ఎవరూ సదవరు.

మేము బెల్లం గదిలో పండుకుంటా ఉండాం. అచ్చులు పేర్చంగా మిగిలిన తావులో. చీమలు రా. మొన్న జ్ఞానం చెవిలోకి పోతే బిడ్డ అరిచి అరిచి సొమ్మసిల్లింది. "బెల్లం ఉండే తావున చీమలుండవా వదినా" అన్నాడు మరిది. బడి మాన్పించినారు. ఇప్పుడు మాంగాయల కాలం. యశోదమ్మ ఊరగాయ పెట్టి ఇండ్లకి పంపిస్తాది. బిడ్డ పొద్దున్నించి టెంకలు తీస్తా కూర్చుంటాది. చేతులు పగిలి, అన్నంలో చారు పోసుకుంటే ఏడుస్తాది.

వాళ్లు చెడ్డోళ్లు కాదు. మేము ఎక్కువైనాం, అంతే.

ఆదివారం మరిది అడిగినాడు. "ఇంకా ఎన్నాళ్లనుకుంటా ఉండావు వదినా?" అందరూ తింటా ఉండారు. నాకు యాడ్నించి వచ్చిందో ధైర్యం. "నాకు ఇల్లుండాదప్పా. నలభై ఒకటి బై ఎ. మా తమ్ముడు తలుపు మీద రాసినాడు. కట్టడం అయిపోతానే పోతాం" అన్నా. యశోదమ్మ నాకు ఇంకో గరిటె చారు పోసింది. వచ్చినప్పట్నించి అడక్కుండా పోసింది అదే మొదలు.

ఆ నంబరు పట్టుకోనే ఈడ నిలబడి ఉండా దామూ. పోయి బట్టీ పెడతా. ఇసక ఎంత కాగాల, వడ్లు ఎప్పుడు పొయ్యాల, అన్నీ మీ బావ పక్కన కూర్చోని సూసినదాన్నే కదా. నువ్వు తట్ట ఎత్తుకో. బిడ్డని మళ్లా బడికి పంపిస్తా.

తలుపు యా పక్కకో నువ్వు రాయలేదు.

అక్క.

---

తిరుపతి,
15 నవంబరు 1981.

అక్కా,

నీ మూడు జాబులూ వచ్చినాయి. పనుల్లో ఉండి రాయలేదు. కాలనీ పని జరుగుతా ఉండాది. ఆలస్యమయ్యేట్టు ఉండాది. నువ్వు ఇప్పుడు రావద్దు. మరిది కాడ నంబరు సంగతి ఎక్కువ ఎత్తొద్దు. జ్ఞానం చేతులకి ఆముదం పూయి.

దామోదరం.

---

చిత్తూరు,
26 నవంబరు 1981.

దామూ,

ఐదు నెలలకి ఐదు ముక్కలు రాసినావు. చిన్నప్పుడు బొరుగుల తట్ట కాలవలో పారబోసుకోని వచ్చినప్పుడు కూడా ఇట్లే మాట తక్కువైంది నీకు. ఏమిరా అంటే తలకాయ నొప్పి అన్నావు. అమ్మ పోయినాక నిన్ను సాకింది నేను. నీకు తలకాయ నొప్పి ఎప్పుడొస్తాదో నాకు తెలీదా?

నంబరు సంగతి ఎందుకు ఎత్తకూడదు? ఏమైంది? ఎవరన్నా మన ఇంటికి అడ్డం పడినారా? రోడ్డు మన సందుకి రాలేదా? ఏదైనా సరే రాయి. రాయకుంటే వచ్చే నెల పదకొండో తేదీ, శుక్రవారం, పొద్దున బస్సుకి బిడ్డని తీసుకోని వచ్చేస్తా. మూట కట్టే ఉండాది.

అక్క.

---

తిరుపతి,
3 డిసెంబరు 1981.

అక్కా,

రావద్దు. వచ్చినా నువ్వు దిగేదానికి సందు లేదు. మొన్న మంగళవారం మన ఇల్లు పడిపోయింది.

మనకి నంబరు లేదు. యానాడూ లేదు.

బావ పోయిన మూడో దినం. నేను ముందు, పెయింటు డబ్బా, కుంచె పట్టుకోని. సర్వేయరు దేవరాజులు సారు ఎనకాల, పుస్తకం పట్టుకోని. నేను తలుపు మీద నంబరు రాసి గట్టిగా సదివితే సారు పుస్తకంలో ఎక్కిస్తాడు. అదే పద్ధతి. పుస్తకంలో ఎక్కిన తలుపుకే ఇల్లు. రుక్మిణమ్మత్త తలుపు మీద నలభై ఒకటి రాసినా. దాని పక్కది మనది.

కుంచె ముంచినా. ఎర్ర పెయింటు. లోపల దీపం కాడ నువ్వు కూర్చోని ఉండావు. గడపకి పసుపు లేదు, ముగ్గు లేదు. ఇంకో వారానికి నీ నుదుట కుంకం తీసేస్తారు. ఆ తలుపు మీద ఎర్రగా ఎట్ల రాసేదక్కా? సావు ఇంటి గడప మీద పదకొండు దినాలు ఎరుపు పడకూడదని నువ్వే కదా నాకు చెప్పినావు, నాయన పోయినప్పుడు. పెయింటు కారి నా కాలి మీద పడతా ఉండాది.

"ఏమప్పా, నిలబడిపోయినావు?" అన్నాడు సారు.

"సూతకం సార్. పదకొండు దినాలు ఎరుపు పెట్టకూడదు. తర్వాత రాస్తా."

"మర్చిపోయేవు."

"నా ఇల్లే సార్. మర్చిపోతానా?"

సారు తల ఊపి ముందుకి పోయినాడు. ఆ పక్కింటి తలుపు మీద నలభై రెండు రాసినా. గట్టిగా సదివినా. నా నోటితోనే సదివినా అక్కా.

నువ్వు బస్సెక్కిన మర్నాడు మర్చిపోకుండానే రాసినా. మధ్యలో నంబరు లేదని బై ఎ అని పెట్టినా. సారు కాడికి పోయి చెప్పినా. పుస్తకం అప్పుడే హైదరాబాదు పోయిందంట. "సూద్దాంలే" అన్నాడు. ఆ సూద్దాంలే పట్టుకోని నీకు మొదటి జాబు రాసినా. అప్పుడు అబద్ధమని నాకూ తెలీదు. సారుకి బదిలీ అయింది. ఆఫీసులో ఇంకొకాయన కూర్చున్నాడు.

"పుస్తకంలో లేని ఇల్లు లేదప్పా" అన్నాడు.

"ఉండాది సార్. నేను దాంట్లోనే పండుకుంటా ఉండా."

"దాంట్లో ఎవరుండారో నాకెందుకు? దీంట్లో ఎవరుండారో సూడాల" అని హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన పుస్తకం మీద ఏలితో కొట్టినాడు.

మే నెలకే తెలిసిపోయింది నాకు. గీతలు సూసేదానికి పోయినప్పుడు మన డబ్బా యాడా లేదు. రుక్మిణమ్మత్త గీత పక్కన నలభై రెండు వాళ్ల గీత. ఆ దినమే నీకు రాయాల్సింది. గాలి బాగా ఉండాది, కొండ కనిపిస్తాది అని రాసినా. ఆ తర్వాత నీ జాబు వచ్చింది, మరిదికి నంబరు చెప్పి నిలబడినానని. ఇంక ఎట్ల రాసేది?

పోయిన వారం తాళంచెవులు ఇచ్చినారు. నంబరు పిలిస్తే పోయి తీసుకోవాల. నలభై ఒకటి అన్నారు, రుక్మిణమ్మత్త పోయింది. ఆమె తిరిగి నా పక్క సూడకముందే నలభై రెండు అన్నారు. ఆ రెండిటికీ మధ్య ఊపిరి పీల్చేంత తావు కూడా లేదు. నేను ఆ మధ్యలోనే నిలబడి ఉండా.

"నా ఇంట్లో ఉండరా, మూలన పండుకుందువు" అని ఆమె ఏడ్చింది. ఆమెవాళ్లు ఏడుమంది ఒకే గదిలో.

బుల్డోజరు వచ్చేముందు ఆఫీసాయన కాడ మళ్లా నిలబడినా. "నీ తలుపు కావాలంటే తీసుకుపో" అన్నాడు. అందరూ పాత తలుపులు పీకి కొత్తిండ్లకి మోసుకోని పోతా ఉంటే నేనూ పీకినా. పీకి నిలబడినా, యాడికి మోసేదో తెలీక. బెల్లానికి చిత్తూరు పోయే లారీలో ఏసి పంపిస్తా ఉండా. ఎందుకని అడగొద్దు. రోడ్డు మీద వదిలి రాలేకపోయినా. బావ బట్టీ ఇటికెలు కూడా ఏరదామని సూసినా, అన్నీ మట్టిలో కలిసిపోయినాయి.

బొరుగుల కోసం వచ్చినోళ్లకి రేపు రండి అని చెప్పినట్టే నీకూ చెప్తా వచ్చినా. నీ మొగం సూడలేను. రేణిగుంటలో రైలెక్కుతా ఉండా. యాడ దిగుతానో నాకే తెలీదు. పెయింటు పని యాడైనా దొరుకుతాది.

జ్ఞానాన్ని ఆ నంబరు రాయొద్దని చెప్పు.

దామోదరం.

---

చిత్తూరు,
22 డిసెంబరు 1981.

(తిరుపతి, కొత్త కాలనీ, ఇంటి నంబరు 41, రుక్మిణమ్మ గారి ద్వారా దామోదరానికి)

రేయ్ దామూ,

నువ్వు యాడుండావో తెలీదు. రుక్మిణమ్మత్తకి నంబరుండాది, పోస్టుమాను కనుక్కోని ఇస్తాడు. ఎప్పుడన్నా నువ్వు ఆమె కాడికి పోతే ఈ జాబు నీకు చేరతాది. పోకుంటే ఆమె ఇంట్లోనే ఉంటాది.

ఆ దినం నువ్వు సారుతో చెప్పింది నేను ఇన్నా. దీపం కాడే కూర్చోని ఉండా కదా. నా ఇల్లే సార్ అన్నావు. మీ బావ పోయినాక మూడు దినాలు నాకు ఎవరి మాటా చెవికెక్కలేదు. అదొకటే ఎక్కింది. నాకు ఇంకా ఒకడుండాడు అనుకున్నా. తర్వాత నువ్వు నంబరు రాసినానని జాబు రాస్తే, మర్చిపోకుండా రాసినాడు నా తమ్ముడు అనుకున్నా.

నువ్వు ఆ దినమే ఎర్రగా రాసింటే నేను ఊరుకుని ఉందునా? లేచొచ్చి పేడనీళ్లు కొట్టి కడిగేసి ఉందును. నిన్ను చెంప మీద కొట్టి ఉందును కూడా. అందుకని, ఎరుపు రాయనందుకు నీ మీద కోపం లేదు. ఆ ఇల్లు మనిద్దరం కలిసే పోగొట్టుకున్నాం.

కోపం వేరేదానికి ఉండాది. మే నెల్లోనే తెలిసి కూడా నన్ను నమ్మించినావు. నేను ఆ నంబరు చెప్పి ఈడ గొంతెత్తినా. నువ్వు చెప్పింటే తల దించుకోని ఉందును, ఇంత ఎత్తు నుంచి పడకుండా ఉందును. ఇప్పుడు యశోదమ్మ చారు పోసేటప్పుడు నా పక్క సూడదు. ఇది నువ్వు తెలుసుకోవాలనే రాస్తా ఉండా. కానీ దీనికని ఊరు వదిలి పోతావా? ఇంతకన్నా పెద్ద తప్పు చేసినోళ్లు కూడా ఇంట్లోనే తిని పండుకుంటా ఉండారు రా.

తలుపు వచ్చింది. లారీవాడు మండీ ముందర దించి పోయినాడు. మరిది దాని సుట్టూ తిరిగి సూసి, "ఇంత తలుపు యాడ పెట్టేది వదినా? దీనికి గోడ యాడుండాది?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగినాడు. పాపం, ఆయనే ఇద్దరు హమాలీల్ని పిలిచి బెల్లం గదిలోకి మోయించినాడు. నాలుగు మూలలా ఇటికెలు పెట్టి దాన్ని పరిచినాం. చీమలు ఎక్కకుండా ఇటికెల సుట్టూ నీళ్లు పోస్తా ఉండా. నంబరు పైకి వచ్చింది. జ్ఞానం దాన్ని సూసి ఎగిరింది. "మా, మన నంబరు!" బై ఎ మీద ఏలు పెట్టి దిద్దింది. నువ్వు వద్దని చెప్పమన్నావు. నేను చెప్పలేదు.

రెండు దినాలు దాని మీదే పండుకున్నాం. మూడో దినం తెల్లారతానే బిడ్డ లేచి కూర్చోని అడిగింది.

"మా, నంబరు తలుపుకి బయట పక్క కదా రాసేది?"

"అవును."

"అట్లైతే మనం బయట పండుకుంటా ఉండాం."

ఇద్దరం కలిసి తలుపు ఎత్తినాం. శానా బరువు. ఒక పక్క నేను, ఒక పక్క ఆ బిడ్డ, పగిలిన చేతుల్తో. తిరగేసినాం. నంబరు నేల పక్కకి పోయింది. లోపలి గొళ్లెం పైకి వచ్చింది. దాని మీద గోనెపట్ట పరిచినా.

ఇప్పుడు మేమిద్దరం లోపలే పండుకుంటా ఉండాం. నువ్వొక్కడివే బయట ఉండావు.

అక్క,
మునిలక్ష్మి.